చిన్న చేనుకు వేరుశనగ కోత మిషన్లు: కొనాలా, కిరాయికి తేవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి దాటిందంటే నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. పంపేవాళ్ల ఉద్యోగం హైదరాబాద్‌లో ఎల్బీ నగర్‌లోనో మియాపూర్‌లోనో, చేను కల్వకుర్తి, అచ్చంపేట, వనపర్తి వైపు. యాసంగి (రబీ) పల్లి, అంటే వేరుశనగ, కోతకొచ్చింది, కూలీలు దొరకడం లేదు, మిషన్ కొనేద్దామా అని. విడివిడిగా టైప్ చేసే బదులు జవాబులన్నీ ఇక్కడ పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. ధరలు ఊరికీ కంపెనీకీ మారతాయి కాబట్టి లెక్కల్లో వేసిన ధరలు, కిరాయిలు ఉదాహరణకు మాత్రమే. వాటి చోట మీ డీలర్ చెప్పినవి వేసుకోండి.

## కొనాలా వద్దా అనే దశలో

నాకున్నది నాలుగెకరాలే. మిషన్ కొనడం దండగేనా?

ఏ మిషన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. పల్లి కోత ఒక్క పని కాదు. మొక్కను నేలలోంచి లేపాలి, కాయను మొక్క నుంచి వేరు చేయాలి, ఆరబెట్టాలి, అవసరమైతే ఒలవాలి. తవ్వే బ్లేడు చిన్న ఖర్చు, పాడయ్యేదీ తక్కువే. ఇంట్లో ట్రాక్టర్ ఉంటే నాలుగెకరాలకైనా కొనుక్కోవచ్చు. కాయ కొట్టే పెద్ద మిషన్ మాత్రం నాలుగెకరాలకు కొనకండి. దాన్ని కిరాయికి తెచ్చుకుని, మిగిలిన డబ్బులో కొంత మంచి టార్పాలిన్లకు పెట్టండి. చిన్న రైతుకు ఎక్కువ నష్టం జరిగేది మిషన్ లేక కాదు, మిషన్ సమయానికి రాక, వచ్చాక కాయ సరిగా ఆరక.

వరి కోసే హార్వెస్టర్‌తోనే పల్లి కూడా తీయొచ్చు కదా?

కుదరదు. వరి గింజ పైన ఉంటుంది, పల్లికాయ నేలలో ఉంటుంది. వరి హార్వెస్టర్‌కు నేలను తవ్వే భాగమే లేదు.

యూట్యూబ్‌లో ఒకే మిషన్ తవ్వి, కాయ తెంపి, ట్యాంకులో పోస్తోంది. అలాంటిది తెచ్చుకుంటే?

అమెరికా వీడియోలను జాగ్రత్తగా చూస్తే అక్కడా రెండు పనులే. ముందు ఒక మిషన్ మొక్కను తవ్వి తలకిందులు చేసి సాళ్లలో పడేస్తుంది. కొన్ని రోజులు ఆరాక కంబైన్ వచ్చి కాయ తీస్తుంది. వాళ్ల పొలాలు పెద్దవి, దుబ్బ (ఇసుక) నేలలు, గట్లు ఉండవు. చైనా నుంచి వచ్చే చిన్న సెల్ఫ్ ప్రొపెల్డ్ (ట్రాక్టర్ లేకుండా సొంత ఇంజిన్‌తో నడిచే) మిషన్లు తవ్వడం, తెంపడం ఒకేసారి చేస్తాయి. అవి బాగా నడవాలంటే సాళ్లు తిన్నగా, ఒకే ఎడంతో ఉండాలి, నేల గుల్లగా ఉండాలి. మన చేలల్లో రాళ్లు, గరిక, వంకర సాళ్లు మామూలే. దానికి తోడు గొలుసు తెగితే స్పేర్ ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోవాలి. మీ మండలంలో ఇంకెవరి దగ్గరా లేని మోడల్‌ని కొనే మొదటి రైతు మీరు కావద్దన్నది నా సలహా.

ఎన్నెకరాలుంటే సొంత కాయ మిషన్ గిట్టుబాటు అవుతుంది? లెక్క ఎలా వేయాలి?

ట్రాక్టర్‌తో నడిచే మిషన్ ధర 3 లక్షలు అనుకుందాం. పదేళ్ల తర్వాత అమ్మితే 30 వేలు వస్తాయనుకుంటే ఏటా తరుగుదల 27 వేలు. పెట్టిన డబ్బు మీద వడ్డీ, సగటున 1.65 లక్షలకు 11 శాతం చొప్పున, ఏటా సుమారు 18 వేలు. బెల్టులు, బేరింగులు, జల్లెడలు, వెల్డింగ్ కింద 10 వేలు వేయండి. మొత్తం ఏడాదికి 55 వేలు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఊళ్లో కిరాయి ఎకరాకు 3,500 ఉందనుకోండి. మిషన్ మీదే అయినా డీజిల్‌కు, మనుషులకు 1,500 ఎలాగూ పోతుంది. అంటే సొంత మిషన్ వల్ల ఎకరాకు మిగిలేది 2 వేలు. 55 వేలను 2 వేలతో భాగిస్తే 27, 28 ఎకరాలు వస్తుంది. ఏటా అంత కొట్టగలిగితేనే పెట్టుబడి తిరిగొస్తుంది. నాలుగెకరాలకే వాడితే డీజిల్ పోయకముందే ఎకరాకు 13,750 రూపాయలు పడుతుంది.

"మిగతా రోజులు చుట్టుపక్కల కిరాయికి తిప్పుతా" అని చాలామంది అంటారు. తిప్పొచ్చు, కానీ అది వేరే వ్యాపారం. ఊరంతా పల్లి కోత ఒకే సమయంలో వస్తుంది. డ్రైవర్ కావాలి, మధ్యలో మిషన్ ఆగితే రాత్రికి రాత్రి బాగు చేయించాలి, కొట్టిన వాళ్ల దగ్గర బాకీలు వసూలు చేయాలి. నగరంలో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో నడిపే పని కాదది.

కూలీలతో పోలిస్తే మిషన్ నిజంగా చవకేనా?

ఎకరాకు ఎంత అయిందని మాత్రమే చూస్తే కొన్ని ఊళ్లలో తేడా పెద్దగా కనిపించదు. ఎన్ని రోజుల్లో అయిందన్నది కూడా చూడండి. మనం వేసే గుత్తి (గుబురుగా పెరిగే) రకాలకు చాలావరకు విత్తన నిద్రావస్థ ఉండదు. కోతకొచ్చిన కాయ మీద వాన పడి తేమ నిలిస్తే నేలలోనే మొలకెత్తుతుంది. ఆలస్యమైతే ఊడలు (కాయను మొక్కకు కలిపే కాడలు) బలహీనపడి, లాగినప్పుడు కాయ భూమిలోనే తెగిపోతుంది. కూలీల కోసం వారం ఎదురుచూస్తే పోయే కాయ విలువను కూలీ ఖర్చులో కలిపి, అప్పుడు మిషన్‌తో పోల్చండి.

నా డబ్బుతో మిషన్ కొని ఊళ్లో బావమరిదికి అప్పగిస్తే ఎలా ఉంటుంది?

బావమరిది మంచివాడా కాదా అన్నది ప్రశ్న కాదు. మిషన్ ఎవరి చేలో ముందు నడవాలి, రిపేరు ఎవరు పెట్టుకోవాలి, కిరాయి డబ్బులు ఎవరికి చేరాలి అన్న మూడింటినీ కొనకముందే తేల్చి కాగితం మీద రాసుకోండి. కిరాయి మొత్తం ఒకే బ్యాంకు ఖాతాకు ఫోన్‌పేలో వచ్చేలా పెట్టుకుంటే సగం గొడవలు ఉండవు. ఇవి అడగడానికే మొహమాటంగా ఉంటే మిషన్ కొనకపోవడమే బంధుత్వానికి మంచిది.

## తవ్వే దశలో

కోతకొచ్చిందని ముందే ఎలా తెలుస్తుంది? ట్రాక్టర్ అతనికి తేదీ చెప్పాలి కదా.

గుత్తి రకాలు సాధారణంగా 100 నుంచి 120 రోజుల్లో వస్తాయి. రోజుల లెక్క ఒక్కటే నమ్మకండి, ఆకు పసుపెక్కడాన్నీ నమ్మకండి. తిక్క మచ్చ తెగులుకూ ఆకు రాలుతుంది. చేలో నాలుగైదు చోట్ల మొక్కలు పీకి కాయలు పగలగొట్టండి. డొల్ల లోపలి వైపు తెల్లగా, మెత్తగా ఉంటే ఇంకా లేత. గోధుమ, నలుపు మచ్చలు వచ్చి గింజ రంగు తేలితే ముదిరినట్టు. వంద కాయల్లో 75 అలా ఉంటే తవ్వొచ్చు. ఈ పరీక్ష అనుకున్న తేదీకి రెండు వారాల ముందే మొదలుపెడితే ట్రాక్టర్‌ను మాట్లాడుకోవడానికి సమయం ఉంటుంది.

మామూలు బ్లేడ్ గుంటక చాలా, షేకర్ ఉన్న డిగ్గర్ తీసుకోవాలా?

బ్లేడ్ గుంటక మొక్కల కింద నేలను కోసి వదులు చేస్తుంది, అంతే. ఆ తర్వాత మనుషులు మొక్కను ఎత్తి, మన్ను దులిపి, కుప్ప వేయాలి. డిగ్గర్ షేకర్‌లో బ్లేడు వెనక కదిలే గొలుసు ఉంటుంది. మొక్కను పైకి మోసుకెళ్తూ మన్ను దులిపి వెనక వరుసగా పడేస్తుంది. కూలీల అవసరం బాగా తగ్గుతుంది, ధర బ్లేడు కంటే చాలా ఎక్కువ.

ఎర్ర చల్క, దుబ్బ నేలలో షేకర్ బాగా పనిచేస్తుంది. బంకమన్ను ఎక్కువగా ఉన్నచోట, తడిగా ఉన్నప్పుడు తవ్వితే గడ్డలు గొలుసు మీదే ఉండిపోయి కాయను నలుపుతాయి. రాళ్ల చేనైతే గొలుసు కడ్డీలు వంగుతాయి. ఇంట్లో నలుగురు పనిచేసేవాళ్లున్న మూడు నాలుగెకరాలకు బ్లేడు సరిపోతుంది. మనుషులే లేని ఇంటికి షేకర్ ఉన్న డిగ్గర్‌ను కిరాయికి తేవడం నయం.

ఎంత హెచ్‌పీ ట్రాక్టర్ కావాలి? మినీ ట్రాక్టర్ లాగుతుందా?

మామూలు వెడల్పున్న డిగ్గర్ షేకర్‌కు 35 నుంచి 45 హెచ్‌పీ ట్రాక్టర్ చూసుకోవాలి. మినీ ట్రాక్టర్ తేలిక నేలలో సన్న బ్లేడును లాగుతుంది, గట్టి నేలలో ముందు చక్రాలు లేస్తాయి. హెచ్‌పీతో పాటు చక్రాల మధ్య దూరం కూడా కొలవండి. యాసంగి పల్లిని సాళ్ల మధ్య 22.5 సెంటీమీటర్లు ఎడం పెట్టి వేస్తారు. చక్రం సాలు మీదకెక్కితే ఆ సాలులో కాయ నేలలో కూరుకుపోతుంది. విత్తేటప్పుడే ట్రాక్టర్ గొర్రుతో, కోతకు వచ్చే ట్రాక్టర్ చక్రాల కొలతను బట్టి విత్తితే కోతలో ఈ తలనొప్పి ఉండదు.

నేల గట్టిపడింది. తవ్వితే కాయ సగం భూమిలోనే ఉండిపోతోంది. బ్లేడు మార్చాలా?

ముందు నీళ్ల సంగతి చూడండి. తవ్వడానికి కొన్ని రోజుల ముందు ఒక తేలిక తడి ఇవ్వండి. బ్లేడు లోతులో నుంచి పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కట్టాలి, వదిలి వేలితో తడితే విడిపోవాలి. అప్పుడే తవ్వాలి. చేతికి అంటుకుంటే ఇంకో రోజు ఆగండి.

తర్వాత లోతు. బ్లేడు కాయల కింద నుంచి పోవాలి, సుమారు 12 నుంచి 15 సెంటీమీటర్లు. డీజిల్ మిగులుతుందని డ్రైవర్ పైపైన తవ్వితే కాయలు తెగిపోతాయి. మరీ లోతుకు దింపితే గడ్డలు లేస్తాయి. ఈ రెండూ సరిగా ఉన్నా పోతుంటే అప్పుడు బ్లేడు అంచు చూడండి. మొద్దుబారిన బ్లేడు వేరును కోయదు, మొక్కను తోసుకుంటూ పోతుంది.

ఎంత కాయ పోతోందో కొలవడానికి ఏదైనా పద్ధతి ఉందా?

ఉంది, టేపు ఉంటే చాలు. తవ్వి మొక్కలు ఎత్తేసిన చోట మీటరు పొడవు, మీటరు వెడల్పు గీత గీసి, పైన పడ్డవీ మట్టిలో ఉన్నవీ ఏరి లెక్కపెట్టండి. ఎకరానికి 4,047 చదరపు మీటర్లు. రెండు గింజల ఎండు కాయ బరువు సుమారు ఒక గ్రాము. కాబట్టి గీత లోపల 25 కాయలు దొరికాయంటే ఎకరాకు దాదాపు ఒక క్వింటాల్ నేలపాలైనట్టు. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాల్‌కు 7,263 రూపాయలు. డ్రైవర్ మొదటి రెండు సాళ్లు తవ్వగానే ఇలా కొలిచి లోతు సరిచేయిస్తే, ఆ పది నిమిషాల పనికి కిరాయి కంటే ఎక్కువే తిరిగొస్తుంది. నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీసుకోండి.

## కాయ కొట్టే దశలో

పచ్చి కాయ మిషన్ మేలా, ఎండు కాయ మిషన్ మేలా?

పచ్చి మిషన్‌కు తవ్విన రోజునో మర్నాడో మొక్కలు వేయొచ్చు. వానల భయం ఉన్నప్పుడు ఇది ఆదుకుంటుంది. కట్టె (కాయ తీసేశాక మిగిలే మొక్క) మరీ నలగకుండా వస్తుంది కాబట్టి పశువులున్నవాళ్లు దీన్నే ఇష్టపడతారు. కానీ వచ్చే కాయలో తేమ 35 శాతానికి పైనే ఉంటుంది. వెంటనే పలచగా పరిచే కళ్లం, తిరగేసే మనుషులు ఉండాలి. కుప్పగా పోసి ఇంటికెళ్తే తెల్లారేసరికి వేడెక్కుతుంది.

ఎండు మిషన్‌కు మొక్కను చేలోనే మూడు నుంచి ఐదు రోజులు, కాయ పైకి ఉండేలా ఆరబెట్టాలి. కాయ తేలిగ్గా ఊడుతుంది, ఆ తర్వాత కళ్లంలో ఆరబెట్టే పని తగ్గుతుంది. ఆకు మాత్రం రాలిపోతుంది, కట్టె పొడవుతుంది. జనవరి, ఫిబ్రవరి ఎండల్లో పాలమూరు వైపు ఎండు పద్ధతి హాయిగా నడుస్తుంది. ఆలస్యంగా విత్తి మార్చి చివర తవ్వేవాళ్లు అకాల వర్షాలను లెక్కలో పెట్టుకోవాలి. వాళ్లకు పచ్చి మిషన్ నంబర్ ఒకటి ఫోన్‌లో ఉండటం మంచిది.

కాయ పగులుతోంది. మిషన్ లోపమా, నడిపేవాడి లోపమా?

చాలాసార్లు వేగమే కారణం. త్వరగా ముగించి ఇంకో చేనుకు వెళ్లాలని యాక్సిలరేటర్ పెంచుతారు. ట్రాక్టర్ పీటీఓ, అంటే ఇంజిన్ శక్తిని మిషన్‌కు అందించే వెనక షాఫ్ట్, మామూలుగా నిమిషానికి 540 తిరుగుళ్ల దగ్గర నడవాలి. డ్రమ్ము వేగం దాని పుల్లీని బట్టి ఉంటుంది. పగులు ఎక్కువైతే వేగం తగ్గించమనండి, డ్రమ్ముకు జల్లెడకు మధ్య సందు పెంచమనండి. అప్పటికీ తగ్గకపోతే మొక్క మరీ ఎండిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు నడి మధ్యాహ్నం ఆపి ఉదయం పూట కొట్టించండి. కట్టెతో పాటు కాయ బయటికి పోతుంటే అది వేరే సమస్య. ఫ్యాను గాలి ఎక్కువైందని అర్థం.

కిరాయి గంటకు మాట్లాడాలా, బస్తాకా, ఎకరాకా?

గంటకు మాట్లాడితే మెల్లగా నడుపుతారు, ఎకరాకు మాట్లాడితే పరుగులు పెట్టిస్తారు. బస్తా లెక్క రెండు వైపులా న్యాయంగా ఉంటుంది, కానీ బస్తాలో మన్ను, పుల్లలు కూడా లెక్కలోకి వస్తాయి. నేనైతే శుభ్రంగా వచ్చిన కాయకు బస్తా లెక్కన మాట్లాడి, బస్తా బరువు ముందే ఖాయం చేసుకోమంటాను. డీజిల్ ఎవరిది, మొక్క అందించే మనుషులెవరు, మిషన్ చెడి ఆగిన సమయం ఎవరి ఖాతా అన్నవి అడ్వాన్స్ ఇచ్చే ముందే వాట్సాప్‌లో రాసి పంపండి. మాట మారితే చూపించడానికి అదొక్కటే ఆధారం.

మిషన్ దగ్గర పనిచేసే ఆడవాళ్ల గురించి భయంగా ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

భయపడాల్సిందే. తిరిగే పీటీఓ షాఫ్ట్‌కు చీర కొంగు, దుపట్టా, విప్పిన జుట్టు తగిలితే లాక్కోవడానికి క్షణం పట్టదు. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవచం లేని మిషన్‌ను కళ్లంలోకి రానివ్వకండి. కొంగు నడుముకు దోపుకుని పైన చొక్కా వేసుకోమనండి, జుట్టు ముడి వేసుకోమనండి. మొక్కలు వేసే తొట్టి చెయ్యి డ్రమ్ముకు అందనంత పొడవుండాలి. ఇరుక్కున్న కట్టెను మిషన్ నడుస్తుండగా లాగనివ్వద్దు, తాగినవాళ్లను దగ్గరికి రానివ్వద్దు. ఇలాంటి ప్రమాదాల కోసమే 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం వచ్చింది. నూర్పిడి మిషన్లకు ఐఎస్ 9020 అనే భద్రతా ప్రమాణం కూడా ఉంది. కొనేటప్పుడు ఆ ప్రమాణం ప్రకారం ఉందా అని అడగండి.

## డబ్బు సమకూర్చుకునే దశలో

సబ్సిడీ ఎంత వస్తుంది? ఎక్కడ అడగాలి?

వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ అనే కేంద్ర పథకం 2014-15 నుంచి ఉంది. దాని నిబంధనల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం వరకు, మిగతావాళ్లకు 40 శాతం వరకు వస్తుంది. ప్రతి పరికరానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. 50 శాతం అంటే మీరు కొన్న ధరలో సగం అని అనుకోకండి, ఆ పరిమితి దాటి ఇవ్వరు.

అడగాల్సింది మండల వ్యవసాయ అధికారిని, లేదా మీ క్లస్టర్ ఏఈఓని (వ్యవసాయ విస్తరణ అధికారిని). "సబ్సిడీ ఉందా?" అని కాకుండా "ఈ ఏడాది మన మండలానికి వచ్చిన జాబితాలో వేరుశనగ డిగ్గర్, త్రెషర్ (కాయ కొట్టే మిషన్) ఉన్నాయా? ఎన్ని యూనిట్లు?" అని అడగండి. పట్టా పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉన్నాయో ముందే చూసుకోండి. భూమి ఇంకా నాన్న పేరునే ఉంటే దరఖాస్తు ఆయన పేరు మీదే పెట్టాలి. మంజూరు కాకముందే కొని తర్వాత బిల్లు పెడదామనుకుంటే మాత్రం డబ్బు రాదు.

సబ్సిడీ పోనూ నేను కట్టేదానికీ బయట నగదు ధరకూ పెద్ద తేడా లేదు. ఏం జరుగుతోంది?

ఇది కొత్తేమీ కాదు. సబ్సిడీ కోటేషన్‌లో ధర ఎక్కువ వేసి, బయట అదే మిషన్‌ను తక్కువకు ఇచ్చేవాళ్లున్నారు. అందుకే ముందు సబ్సిడీ ఊసెత్తకుండా రెండు మూడు చోట్ల నగదు ధర అడగండి. ఆ తర్వాత సబ్సిడీ పోనూ మీ వాటా ఎంతో చూడండి. తేడా చిన్నదైతే సబ్సిడీ మిషన్‌కున్న షరతులు, అంటే కొన్నేళ్లు అమ్మకూడదు, చెప్పిన కంపెనీదే కొనాలి లాంటివి, ఆ తేడాకు తగినవేనా అని ఆలోచించండి. రెండు మిషన్లలో రేకు మందం, బేరింగ్ కంపెనీ ఒకటేనా అన్నదీ చూడాలి. పేరు ఒకటే అయినంత మాత్రాన సరుకు ఒకటే కాదు.

కిసాన్ క్రెడిట్ కార్డు మీద తక్కువ వడ్డీకి మిషన్ కొనొచ్చా?

కార్డు మీద 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4 శాతం పడేది 3 లక్షల వరకు ఉండే స్వల్పకాలిక పంట రుణానికి. మిషన్ కొనడానికి ఇచ్చేది టర్మ్ లోన్, అంటే కొన్నేళ్లలో వాయిదాల్లో తీర్చే అప్పు, దాని వడ్డీ వేరు. పంట రుణాన్ని మిషన్‌లో పెడితే ఏడాదిలో తిరిగి కట్టలేక 4 శాతం వడ్డీ పోగొట్టుకుంటారు. మిషన్ కిరాయి, కోత కూలీ మాత్రం పంట ఖర్చే. వాటికి ఈ కార్డు డబ్బు హాయిగా వాడుకోండి. ఆ లెక్కన చూసినా చిన్న రైతుకు కిరాయే చవక.

బ్యాంకు లోన్ తిప్పించుకుంటోంది, ఫైనాన్స్ కంపెనీ రెండు రోజుల్లో ఇస్తానంటోంది. ఏం చేయాలి?

వాయిదా ఎంత అని కాకుండా మొత్తం మీద ఎంత కడతారో రాయించుకోండి. ప్రాసెసింగ్ ఫీజు, బీమా, డాక్యుమెంట్ చార్జీలు కలిపి చెప్పమనండి. "ఫ్లాట్ వడ్డీ" అన్నారంటే ఆగండి. మీరు అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మొదటి అప్పు మొత్తం మీదే పడుతుంది. నెలనెలా వాయిదాలు కట్టే రెండు మూడేళ్ల అప్పుల్లో 9 శాతం ఫ్లాట్ అంటే అసలు రేటు 16 శాతం పైనే. ఇంకో సంగతి, పల్లి డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది. నెలనెలా కట్టే వాయిదా జీతమున్న మీకు ఫర్వాలేదు, ఊళ్లో చేను మీదే బతికే అన్నదమ్ములకు మెడకు చుట్టుకుంటుంది. బ్యాంకు టర్మ్ లోన్‌లో కోత తర్వాత ఆరు నెలలకో ఏడాదికో కట్టే వాయిదా అడగొచ్చు.

నలుగురం కలిసి కొంటే?

లెక్క ప్రకారం ఇదే సరైన దారి, మనుషుల మధ్యే కష్టం. నలుగురి చేలూ ఒకే వారంలో కోతకొస్తే ఎవరిది ముందు? పది రోజుల తేడాతో విత్తుకోగలిగితేనే పొత్తు నిలబడుతుంది. సంఘంగా, ఎఫ్‌పీఓగా (రైతు ఉత్పత్తిదారుల సంస్థగా) నమోదై కస్టమ్ హైరింగ్ సెంటర్, అంటే యంత్రాలు కిరాయికిచ్చే కేంద్రం, పెడితే వ్యక్తిగత సబ్సిడీ కంటే వేరే లెక్క వర్తిస్తుంది. 2020లో వచ్చిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద ఇలాంటి కేంద్రాల రుణానికి, 2 కోట్ల వరకు, ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ పెట్టారు. కొత్తగా పెట్టే ముందు మీ సొసైటీ దగ్గర, మహిళా సంఘాల దగ్గర ఇప్పటికే మిషన్లు ఖాళీగా ఉన్నాయేమో అడగండి.

జీఎస్టీ ఎంత పడుతుంది?

2025 సెప్టెంబర్ 22 నుంచి కోత, నూర్పిడి యంత్రాలకు, ట్రాక్టర్లకు 5 శాతం. అంతకు ముందు 12 ఉండేది. పాత కోటేషన్ చూపించేవాళ్ల దగ్గర ఈ తేడా అడగండి.

## కొనడానికి బయల్దేరాక

హైదరాబాద్‌లో ఎక్కడ చూడాలి?

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పంపులు, ఇంజిన్లు, చిన్న యంత్రాలు చూడొచ్చు. ధర అంచనాకు అది బాగుంటుంది. హైటెక్స్‌లో వ్యవసాయ ప్రదర్శనలు పెట్టినప్పుడు తయారీదారులతో నేరుగా మాట్లాడొచ్చు. కానీ స్టాల్‌లో మెరిసే మిషన్ చేలో ఎలా నడుస్తుందో అక్కడ తెలియదు. డీలర్ ఫోన్ నంబర్ తీసుకుని, "నాగర్‌కర్నూల్ వైపు ఈ మోడల్ కొన్న రైతు ఎవరు?" అని అడిగి, కోత రోజుల్లో వెళ్లి చూడండి. సందేహాలకు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, సంతోష్‌నగర్‌లోని క్రీడా, అంటే మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నాయి. చేను పాలమూరు వైపైతే పాలెం పరిశోధన కేంద్రం ఇంకా దగ్గర. పెద్ద మిషన్‌ను మాత్రం చేనుకు దగ్గర్లో మెకానిక్ ఉన్న డీలర్ దగ్గరే కొనండి. రాణిగంజ్‌లో మిగిలిన పదివేలు ఒక్క బ్రేక్‌డౌన్‌కు పోతాయి.

"టెస్ట్ రిపోర్ట్ అడుగు" అంటారు. అందులో ఏం చూడాలి?

ప్రభుత్వ పరీక్షా కేంద్రాలు మిషన్‌ను నడిపి ఇచ్చే నివేదిక అది. మనకు దగ్గర్లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత కేంద్రం ఉంది, అక్కడ రైతులకు శిక్షణ కూడా ఇస్తారు. నివేదికలో మూడు అంకెలు చూడండి: గంటకు ఎంత కొట్టింది, పగిలిన కాయ శాతం, కట్టెతో పోయిన కాయ శాతం. బ్రోషర్‌లో రాసినవి వీటితో సరిపోలకపోతే నివేదికనే నమ్మండి.

సెకండ్ హ్యాండ్ కాయ మిషన్ దొరికింది. ఏం పరిశీలించాలి?

కొత్త పెయింట్ వేసి ఉంటే అనుమానించండి, వెల్డింగ్ అతుకులు దాని కిందే ఉంటాయి. బెల్టు తీసి డ్రమ్మును చేత్తో తిప్పండి. గరగర చప్పుడు వస్తే బేరింగులు పోయినట్టు, పైకి కిందికి ఊగితే షాఫ్ట్ అరిగినట్టు. డ్రమ్ము పళ్లు, జల్లెడ రంధ్రాలు చూడండి. పీటీఓ షాఫ్ట్ కీళ్లలో ఆట ఎంతుందో పట్టుకుని కదపండి. చివరిగా అరగంట అసలు మొక్కతో నడిపించండి. ఖాళీగా తిరిగే మిషన్ ఏదైనా బాగానే కనిపిస్తుంది. దాంతో పాటు ట్రాక్టర్ కూడా కొంటుంటే ఆర్సీలో ఫైనాన్స్ తీసేశారో లేదో చూశాకే డబ్బివ్వండి.

## ఆరబెట్టడం, ఒలవడం, నిల్వ

మార్కెట్‌లో ప్రతిసారీ తేమ ఉందని ధర తగ్గిస్తున్నారు. తేమ మీటర్ కొనాలా?

వనపర్తి, బాదేపల్లి, అచ్చంపేట, ఏ యార్డుకు పోయినా ఈ మాట తప్పదు. నాలుగైదు ఇళ్లు కలిసి ఒక మీటర్ కొనుక్కుంటే మంచిదే. అది లేకపోయినా చేతి పరీక్ష ఉంది. కాయ ఊపితే గింజ గలగలమనాలి, గింజ మీద పొట్టు వేళ్ల మధ్య నలిపితే ఊడిరావాలి, కొరికితే పటుక్కుమనాలి. నిల్వకు తేమ 8, 9 శాతానికి దిగాలి. అంతకు మించి తేమతో బస్తాల్లో కడితే బూజు పడుతుంది, అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది కంటికి కనిపించదు, వేయించినా పూర్తిగా పోదు.

విత్తనానికి ఉంచుకునే కాయ కూడా మిషన్‌కే వేయొచ్చా?

చేత్తో తెంపించుకోండి, లేదా మిషన్ వేగం బాగా తగ్గించి కొట్టించండి. కంటికి కనిపించని చీలిక కూడా మొలకను దెబ్బతీస్తుంది. ఎండాకాలం నడి ఎండలో నేరుగా ఎండబెట్టకండి. కాయతోనే నిల్వ చేసి, విత్తే ముందు ఒలుచుకోండి. ఎకరాకు 60 నుంచి 80 కిలోల గింజలు కావాలి కాబట్టి కూర్చుని తిప్పే చేతి మిషన్ ఒక ఇంటికి చాలు.

మోటార్‌తో ఒలిచే మిషన్ పెట్టి గింజలు హైదరాబాద్‌లో అమ్మితే లాభం ఎక్కువా?

క్వింటాల్ కాయకు మంచి రకమైతే సుమారు 70 కిలోల గింజలు వస్తాయి. కాయ ధర 7 వేలు అయితే గింజ కిలో కనీసం వంద పలికితేనే అసలు వచ్చినట్టు. పైన ఒలిచిన ఖర్చు, పగిలిన గింజ, రవాణా ఉంటాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, గానుగ నూనె పట్టేవాళ్లకు నేరుగా అమ్మగలిగితే ఆలోచించండి. దుకాణానికే వేయాలంటే కాయగానే అమ్మేయండి. జల్లెడ రంధ్రం మీ రకం కాయ సైజుకు సరిపోకపోతే సగం గింజలు బద్దలవుతాయి. మిషన్ కొనే ముందు మీ కాయే ఒక బస్తా తీసుకెళ్లి పట్టించి చూడండి.

సీజన్ అయిపోయాక మిషన్‌ను ఎలా ఉంచాలి?

లోపల ఇరుక్కున్న కట్టె, కాయ పూర్తిగా దులపండి, లేకపోతే ఎలుకలు చేరి బెల్టులు కొరుకుతాయి. బెల్టులు విప్పి ఇంట్లో వేలాడదీయండి. బేరింగులకు గ్రీజు పట్టించి, బ్లేడు అంచుకు, జల్లెడకు పాత ఇంజిన్ ఆయిల్ పూయండి. టైర్ల కింద ఇటుకలు పెట్టి లేపండి. పోయిన భాగాల జాబితాను ఇప్పుడే రాసి, కొనాల్సినవి వానాకాలంలోనే కొనేయండి. కోత మొదలయ్యాక అదే బేరింగ్ కోసం జడ్చర్లలో క్యూ కట్టాల్సి వస్తుంది.